మిరపకాయలకు చలువ గది, మాకు రేకుల షెడ్డు

మొన్న మా వీధిలో కొత్తగా దిగిన ఒకావిడ మిట్టమధ్యాహ్నం రేకుల వసారాలో కూర్చుని పిండి జల్లిస్తుంటే, పరిచయం కూడా లేని మనిషి మీద గట్టిగా అరిచాను. లోపలికి వెళ్ళమన్నాను, నీళ్ళు తాగమన్నాను. ఆమె బిత్తరపోయి జల్లెడ కింద పెట్టి, "నేను ఎండలో లేను కదండీ" అంది. దాంతో నాకు కోపం ఇంకా పెరిగింది. పాపం ఆమె మీద కాదు. నాలుగేళ్ళ కిందట నేనూ సరిగ్గా ఇదే నమ్మాను, నమ్మి చావు అంచుదాకా వెళ్ళి వచ్చాను. నమ్మించిన వాళ్ళంతా ఇంకా హాయిగా అదే మాట చెప్పుకుంటూ తిరుగుతున్నారు.

మా ఆయన నన్ను లోపలికి తీసుకొచ్చి, కనిపించిన వాళ్ళందరి మీదా ఇలా ఎన్నాళ్ళు అరుస్తావు, రాసి పెట్టు, చదివేవాళ్ళు చదువుకుంటారు అన్నాడు. సరే, రాస్తున్నాను. డిగ్రీ రెండో ఏడులో చదువు ఆపేసిన దాన్ని. వైద్యం గురించి నాకేమీ తెలియదు. నా ఒంటికి ఏమైందో, అప్పుడు ఎవరు ఏమన్నారో అది తెలుసు. నెమ్మదిగా, మర్యాదగా రాయాలనే ఉంది గానీ ఎంతవరకు వీలవుతుందో చెప్పలేను.

2003, మార్చి

మాది మదనపల్లె. మా ఊళ్ళో ఎండాకాలం లేదని కాదు. ఎండ చురుక్కుమంటుంది, చింతచెట్టు కిందికి చేరితే ఒళ్ళు చల్లబడుతుంది, పట్టిన చెమట గాలికి ఆరిపోతుంది. అక్కడ ఎండ ఎండే, నీడ నీడే. పెళ్ళైన ఏడాదికి మా ఆయన చంద్రకు గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో మెకానిక్కు ఉద్యోగం దొరికింది. రెండు ట్రంకు పెట్టెలు, ఒక స్టవ్వు పట్టుకుని వచ్చేశాం.

ఆ వైపు వాళ్ళకు కోల్డ్ స్టోరేజీ అంటే చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కోసిన మిరపకాయలు మంచి ధర వచ్చేదాకా రంగు తగ్గకుండా, పురుగు పట్టకుండా టిక్కీలకు టిక్కీలు పేర్చి దాచే చలువ గిడ్డంగి అది. టిక్కీ అంటే మిరపకాయల బస్తా. మా ఆయన పని ఆ గదుల్లో చలువ తగ్గకుండా కాపలా కాయడం. గోడకున్న మీటరు ముల్లు కాస్త పైకి జరిగితే చాలు, అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తేవాడు. కరెంటు పోయి జనరేటరు అందుకోవడం ఆలస్యమైతే మేనేజరు, యజమాని, సరుకు పెట్టుకున్న వ్యాపారులు, అందరూ ఫోన్ల మీద ఫోన్లు. మిరపకాయకు చెమట పట్టకూడదు కదా మరి.

మాకు ఇచ్చిన గది అదే ఆవరణలో, ప్రహరీ గోడను ఆనుకుని ఉన్న వరసలో ఉండేది. పైన సిమెంటు రేకులు, ఒక్కటే కిటికీ. మా పక్క గదుల్లో ఆదోని వైపు నుంచి వలస వచ్చిన కుటుంబాలు. ఊరు ఏదని అడిగి, మదనపల్లె అని చెప్పగానే అందరూ ఒకటే నవ్వు. చల్లటి ఊరిదానివి, మా ఎండలు తట్టుకోలేవు అనేవాళ్ళు. కిరాణా కొట్టతను, పాలు పోసే ఆమె, గేటు దగ్గర వాచ్‌మన్, అందరిదీ ఒకటే ఆట. తమ ఊరి ఎండ గురించి ఆ మనుషులకు ఒక రకమైన గర్వం. నవ్వడం అయ్యాక ఒకే ఒక్క సలహా ఇచ్చేవాళ్ళు, ఎండలో తిరగమాక అని. నేను దాన్ని తూచా తప్పకుండా పాటించాను.

ఏప్రిల్

పగలు ఆ గదిలో ఉండలేకపోయాను. ఒక్కదాన్నే కూర్చుని గోడలు చూడటం కూడా నావల్ల కాలేదు. గిడ్డంగి ముందు పెద్ద రేకుల షెడ్డు ఉంది. అక్కడ ఆడవాళ్ళు మిరపకాయలకు తొడిమలు తీస్తారు. పదిమంది మధ్యా కూర్చుంటే పొద్దుపోతుంది కదా అని నేనూ వెళ్ళాను. మా ఆయన వద్దన్నాడు. "షెడ్డులోనే కదా, ఎండలో కాదు కదా" అన్నాను. సరేనన్నాడు. ఆయనకు మాత్రం ఏం తెలుసు, ఆయనా మా ఊరివాడే.

ఆ పనికి ఒక పద్ధతుంది. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని మెడదాకా బొత్తాలు పెట్టుకోవాలి. ముక్కూ నోరూ మూసేలా తువ్వాలు చుట్టుకోవాలి. చేతులకు నూనె రాసుకోవాలి. లేకపోతే ఆ ఘాటుకు దగ్గీ తుమ్మీ చస్తాం. ఇదంతా నాకు నేర్పింది మేస్త్రి కోటేశ్వరమ్మ. ఆడకూలీల ముఠాను నడిపేది ఆమే. యాభై దాటిన మనిషి, గొంతు మైకు పెట్టినట్టుంటుంది. పక్కనే ఉన్న పల్లెటూరి ఆమె. నాకు ఆమె ఇంకో సంగతి కూడా నేర్పింది. మొదటి రోజు నేను నీళ్ళ సీసా పక్కన పెట్టుకుంటే నవ్వి తీసి అవతల పెట్టింది.

"నీళ్ళు తాగితే మధ్యలో లేవాల్సొస్తదమ్మాయ్. ఈ మిరపకాయ చేతుల్తో లేచి పక్కకెళ్ళావంటే ఆ మంటకి తెల్లార్లూ ఏడుస్తావ్. పొద్దున తాగొచ్చి కూసో. మళ్ళీ ఇంటికెళ్ళినాక తాగు" అంది.

ఆడవాళ్ళకు అర్థమవుతుంది ఆమె చెప్పింది ఏమిటో. ఆ కారం సబ్బుకు వదలదు. చీర సర్దుకున్న ప్రతిసారీ అది ఎక్కడ తగులుతుందో నేను రాయనక్కర్లేదు. పైగా ఆ ఆవరణలో ఆడవాళ్ళకంటూ మరుగు కూడా లేదు, తుమ్మచెట్ల వెనక్కి వెళ్ళాలి. అందుకని తొడిమలు తీసే ఆడవాళ్ళెవరూ పని మీద ఉన్నంతసేపు నీళ్ళు ముట్టరు. తరతరాలుగా అదే అలవాటు.

అయితే ఆ పల్లెటూరి ఆడవాళ్ళు చీకటితో వచ్చేవాళ్ళు. ఇంట్లో చెంబెడు గంజో మజ్జిగో తాగి వచ్చి, ఎండ ముదిరేలోపు పని ముగించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళకు ఆ నియమం సరిపోయింది. వాళ్ళు లేచాక ఖాళీ అయిన షెడ్డులో మమ్మల్ని కూర్చోబెట్టేవాళ్ళు. మేం ఆవరణలోనే ఉండే వలసవాళ్ళం, ఎప్పుడు పిలిచినా వస్తాం, పొద్దుగూకేదాకా ఉంటాం. వాళ్ళ నియమం మాకు చెప్పారు, వాళ్ళ వేళలు మాకు ఇవ్వలేదు. ఆ నియమం బతికేది ఆ వేళల మీదనే అని ఒక్కరికీ తట్టలేదు. ఇప్పటికీ దీని గురించి తలుచుకుంటే నాకు పళ్ళు పటపటలాడతాయి.

నెలాఖరుకు తలనొప్పి మొదలైంది. పిక్కలు పట్టేసేవి. వీపంతా చెమటకాయలు. ఇంట్లో గిన్నె జారినా మా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. అక్కడి చెమట ఆరదు. సముద్రం వైపు నుంచి వచ్చే తేమ గాలి ఒంటికి తడి గుడ్డలా అంటుకుని ఉంటుంది. కోటేశ్వరమ్మతో చెబితే, "కొత్త గదా, అలవాటైపోద్దిలే" అంది. వాచ్‌మన్ అదే అన్నాడు. మేనేజరు కూడా మా ఆయనతో అదే అన్నాడట. అలవాటైపోద్ది. ఈ మాట అన్నవాడికి ఖర్చు లేదు, బాధ్యత లేదు, ఇంకేం ఆలోచించే పని లేదు. కొత్తగా వచ్చినవాళ్ళ ఒళ్ళు అలవాటు పడాలంటే మొదట్లో పని తగ్గించి కొద్దికొద్దిగా పెంచాలని తరువాత ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. మాకు మొదటి రోజే పూర్తి పని ఇచ్చారు.

మే, కృత్తిక కార్తె

ఆ రోజు ఎండ లేదు. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మరు. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. ఆకు కదలడం లేదు. ఈ పూట హాయిగా ఉందిలే అని పాలు పోసే ఆమె అనేసి వెళ్ళింది. నేనూ అలాగే అనుకుని కూర్చున్నాను.

అన్నం వేళ దాటాక గుండె దడదడలాడటం వినిపించింది. మిరపకాయల కుప్ప ఎర్రగా ఊగుతున్నట్టు అనిపించింది. తరువాత చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని సన్నగా చలేసింది. చల్లగాలి తిరిగిందేమో అనుకుని సంతోషపడ్డాను. లేచి వెళ్ళిపోవాలనిపించలేదా అని చాలామంది అడిగారు. అనిపించింది. కానీ చల్లటి ఊరిదని అప్పటికే అందరూ ఆటపట్టిస్తున్నారు. నెల తిరక్కుండా చేతులెత్తేసిందని నవ్వుతారని కూర్చున్నాను.

ఇక్కడి నుంచి నాకు గుర్తు లేదు, మిగతావాళ్ళు చెప్పిందే. నేను కాయలు కింద పారేసి తొడిమలు గంపలో వేస్తున్నానట. పక్కన ఉన్న ఆదోని ఈరమ్మ అది చూసి అందరికీ చూపించిందట. అందరూ నవ్వారట. వాళ్ళతో పాటు నేనూ నవ్వానట. ఈరమ్మ ఈ సంగతి నాకు చెప్పి చాలాసార్లు ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమె కూడా నాలాగే కొత్తది. మనిషికి మతి తప్పుతోందంటే అది ప్రమాదమని ఆమెకెవరు చెప్పారు?

ఆ తరువాత కుప్ప మీదికే బోర్లా పడ్డాను. పక్కకు లాగి, ఉల్లిపాయ వాసన చూపించారు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయబోయారు. మొహానికి చుట్టిన తువ్వాలు ఊడదీశారు గానీ, మగవాళ్ళు మూగారని ఆ పొడుగు చేతుల చొక్కా అలాగే ఉంచి, పైన ఇంకో చీర కప్పారు. ఒళ్ళు కాలిపోతున్న మనిషికి దుప్పటి. మా మానమర్యాదలు కాపాడటానికి మాత్రం ఎప్పుడూ పదిమంది సిద్ధంగా ఉంటారు.

ఎవరో పరుగెత్తి మా ఆయన్ని పిలుచుకొచ్చారు. ఆయన వచ్చి నా నుదురు ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడట. ఆటో కోసం మనిషి వెళ్ళాడు, ఎప్పుడొస్తుందో తెలియదు. నేను పడి ఉన్న చోటికి నాలుగు అడుగుల్లో గిడ్డంగి తలుపు. దాని వెనక చలువ. మా ఆయన నన్ను ఎత్తుకుని అటు నడిచాడు. మేనేజరు అడ్డం వచ్చాడు.

"మధ్యాన్నం పూట తలుపు తీస్తే లోపల సరుకు ఏమైద్దో నీకు తెలియదా? ఆటో వస్తంది గదా, ఆగు" అన్నాడు.

మా ఆయన నోట్లో నాలుక లేనివాడు. ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ తలుపు అనవసరంగా తెరిస్తే కూలీల మీద కేకలేసేది కూడా ఆయనే. "సరుకు మళ్ళీ చల్లబరుస్తాను సార్. ముందు దీన్ని చల్లబరచనివ్వండి" అని భుజంతో తలుపు నెట్టాడు.

గదులకు వెళ్ళే ముందుండే నడవాలో నన్ను నేల మీద పడుకోబెట్టారు. అప్పుడు కోటేశ్వరమ్మ వచ్చింది. మగవాళ్ళందర్నీ బయటికి పొమ్మని ఒక్క కేక వేసి, చొక్కా బొత్తాలు తెంపేసి, బకెట్లతో నీళ్ళు తెప్పించి నా మీద పోయించింది. నా తల ఒళ్ళో పెట్టుకుని చీర కొంగు తడిపి విసురుతూ కూర్చుందట. నన్ను నీళ్ళు తాగొద్దన్న మనిషీ ఆమే, నా మీద నీళ్ళు పోసిన మనిషీ ఆమే. అందుకే ఆమె మీద నా కోపం ఎటూ తెగలేదు.

ఆసుపత్రి

ఆటో మస్తాన్ దారిలో రెండు చోట్ల బోరింగు దగ్గర ఆపి నా చీర మళ్ళీ తడిపాడట. ఆసుపత్రికి చేర్చాక కూడా వెళ్ళిపోకుండా సాయంత్రం దాకా బయటే ఉన్నాడు. ఎవరికైనా కబురు చెప్పాలా, ఏదైనా తేవాలా అని గంట గంటకూ లోపలికి తొంగి చూసేవాడట. అతన్ని నేను స్పృహలో ఉండగా ఒక్కసారే చూశాను.

మేం వెళ్ళేసరికి ఆ చిన్న ఆసుపత్రి వరండా నిండా జనం. వచ్చినవాళ్ళను ముందు చూసే అతను మా ఆయన్ని ఎండలో పని చేసిందా అని అడిగాడు. లేదండి, షెడ్డులో, నీడలోనే ఉంది అన్నాడు ఈయన నిజాయితీగా. అయితే జ్వరమే అయ్యుంటుంది, వరసలో కూర్చోబెట్టండి అన్నాడు అతను. నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. నేను ఏదేదో మాట్లాడుతున్నానట. మా ఆయన్ని అన్నా అని పిలిచానట. ఆయన ఎదురుగా గోడ మీద వడదెబ్బ గురించి పెద్ద కాగితం అంటించి ఉందట. మీద సూర్యుడి బొమ్మ, కింద గొడుగు పట్టుకున్న మనిషి బొమ్మ. ఎండలో తిరగకండి, గొడుగు వాడండి అని రాసి ఉంది. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, అయితే ఇది వడదెబ్బ కాదన్నమాట అని కాస్త ధైర్యం తెచ్చుకున్నాడట. ఆ కాగితం వేసిన వాళ్ళ చేత ఒక మధ్యాహ్నం మా షెడ్డులో తొడిమలు తీయించాలని నా కోరిక. గొడుగు కూడా ఇస్తాను.

మా పక్క బల్ల మీద మార్టూరు వైపు రాళ్ళు పాలిష్ చేసే చోటి నుంచి తెచ్చిన ఒరియా కుర్రాడు ఉన్నాడు. తెచ్చిన ఇద్దరికీ తెలుగు రాదు. ఆసుపత్రి మనిషి వాళ్ళను తెలుగులో అడిగి, అర్థం కాకపోతే అదే తెలుగులో ఇంకా గట్టిగా అడుగుతున్నాడట. వాళ్ళు చేతులు తిప్పుతూ ఏదో చెప్పడానికి ప్రయత్నిస్తూనే ఉన్నారట. ఆ కుర్రాడు బతకలేదు. అతని పేరేమిటని మా ఆయన తరువాత అడిగితే అక్కడెవరికీ తెలియలేదు.

నన్ను బతికించింది ఒక ప్రశ్న. లోపలి నుంచి వచ్చిన డాక్టరమ్మ నా మెడ మీద చెయ్యి వేసి చూసి, మా ఆయన్ని "ఆ షెడ్డు పైన ఏముంది?" అని అడిగింది. రేకులు అన్నాడు. పక్కల గోడలున్నాయా అంది. మూడు వైపులా ఉన్నాయన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు, నన్ను వెంటనే లోపలికి తీసుకుపొమ్మని అరిచింది. తరువాత ఐసు, సెలైను, ఫ్యాన్లు, ఏవేవో. నాకు గుర్తున్నది ఒక ఆయా మాత్రమే. కారం అంటిన నా చేతులను పెరుగుతో రుద్ది రుద్ది కడిగింది. లేకపోతే మత్తులో కళ్ళు నులుముకుంటావు తల్లీ అంది. ఆ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె పేరు అడగాలని కూడా అప్పుడు నాకు తోచలేదు.

స్పృహ వచ్చాక మా ఆయన్ని గుర్తుపట్టాను గానీ పేరు నోటికి రాలేదు. ఆయన బయటికి వెళ్ళి ఏడ్చి వచ్చాడు. మొహం కడుక్కుని వచ్చినా తెలిసిపోయింది.

రోహిణి కార్తె

ఇంటికి వచ్చాక మా అత్తగారు మదనపల్లె నుంచి వచ్చింది. మంచిదే, చాకిరీ చేసింది, రాగి అంబలి కాచి పోసింది. నోరు మాత్రం ఆగదు. "ఏంటికి పొయినావు మే ఆ కూలికి? మావోడు సంపాదించేది చాల్లేదా?" అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే పాట. కనిపించిన ప్రతివాళ్ళతో, మా కోడలు సుకుమారంలెండి అని చెప్పేది. అలా నాకు జబ్బు రావడానికి కారణం నేనే అయ్యాను. షెడ్డు కట్టినవాడు కాదు, వేళలు నిర్ణయించినవాడు కాదు, మరుగు కట్టించనివాడు కాదు.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. మా ఆయన వెళ్ళి మేనేజరుకు క్షమాపణ చెప్పాడు. తలుపు తీసినందుకు. ఆ సంగతి నాకు వాచ్‌మన్ భార్య ద్వారా తెలిసింది. అడిగితే కాదనలేదు. ఉద్యోగం పోతే మందులెలా, అద్దె గది ఎక్కడ, నువ్వు బతికావు కదా, ఒక మాట అంటే నా సొమ్మేం పోయింది అన్నాడు. నేను మాట్లాడటం మానేశాను. నా ప్రాణం నిలబెట్టిన పని తప్పని ఒప్పుకుని వచ్చాడు ఈయన. మరి నేను బతకడం కూడా తప్పేనా అనిపించింది. పక్కనే పడుకుని, ఆయన లేచి నా నుదురు తాకి చూస్తుంటే నిద్ర నటించేదాన్ని. అలా చాలా రోజులు గడిచాయి. ఇప్పుడు ఆయన్ని అర్థం చేసుకోగలను. క్షమించానా అంటే, దాని గురించి మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకోం.

వానలు పడ్డాక

డిశ్చార్జ్ చేసినప్పుడు బాగైపోయింది అన్నారు. బాగవడం అంత తొందరగా జరగదు, ఈ జబ్బు చేసినవాళ్ళు ఇది తెలుసుకోవాలి. చేతిలో గ్లాసు వణికేది. తెలిసిన మాటలు నోటిదాకా వచ్చి జారిపోయేవి. గరిటె అడగాలంటే అది, అది అని చూపించేదాన్ని. పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే గుండె దడ. ఇలాగే ఉండిపోతానేమో, నేను మళ్ళీ నేను కానేమో అని భయం. ఆ భయం ఎవరికి చెప్పినా, బలానికి తింటే అదే పోతుంది అనేవాళ్ళు. మెల్లగా నెలల మీద తగ్గింది. అందుకని ఇలాంటివాళ్ళు కంగారు పడకండి. ఇంట్లోవాళ్ళు కూడా వేళాకోళం చేయకండి.

ఒక రోజు కోటేశ్వరమ్మ నాలుగు మునక్కాయలు, ఒక సొరకాయ పట్టుకుని చూడటానికి వచ్చింది. ఎదురుగా కూర్చోగానే నాలో కుతకుతలాడుతున్నదంతా బయటికి వచ్చింది. మీ ఊరి ఆడవాళ్ళను ఆ వేళకు షెడ్డులో కూర్చోబెడతావా అని అడిగాను. "మా వాళ్ళు కూసోరు" అంది. ఎందుకు కూర్చోరని అడిగాను. "సచ్చిపోతారు గదమ్మా" అంది, ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆమెకే వినిపించలేదు.

తరువాత ఆమె నేల చూస్తూ చెప్పుకొచ్చింది. ఇక్కడ పుట్టినోళ్ళకి ఇది ఎవరూ చెప్పరు, చిన్నప్పటి నుంచి అమ్మల వెంట తిరిగి తెలిసిపోద్ది, మీకు తెలియదని నాకు తట్టనే లేదు అంది. ఆమె అబద్ధం చెప్పలేదు. తెలిసినవాళ్ళకు అది చెప్పాల్సిన సంగతిగా కనిపించదు, తెలియనివాళ్ళకు అడగాల్సిన సంగతని తెలియదు. ఈ రెండింటి మధ్యా మనుషులు పోతున్నారు.

మరుసటి వేసవి

మేనేజరు ఒక పని చేశాడు. గేటు దగ్గర బోర్డు పెట్టించాడు, ఎండలో పని చేయరాదు, వడదెబ్బ జాగ్రత్త అని. ఆవరణలో ఎండలో పని చేసేది ఆ బోర్డు ఒక్కటే.

నేను మళ్ళీ షెడ్డుకు వెళ్ళాను. మా ఆయన ఈసారి వద్దనలేదు. తొడిమలు తీయడానికి కాదు, నా ఒంటికి ఇక ఆ వేడి పనికిరాదు. ఆదోని నుంచి కొత్తవాళ్ళు దిగారని తెలిసి వెళ్ళాను. వాళ్ళకు చెప్పాలని చూశాను. జాగ్రత్త అంటే తలూపారు. నీళ్ళు తాగండి అంటే కోటేశ్వరమ్మ నియమం అప్పటికే వాళ్ళ చెవిన పడింది. వడదెబ్బ అంటే, మేం నీడలోనే ఉన్నాం గదక్కా అన్నారు. గోడకు తల కొట్టుకోవాలనిపించింది. నోటితో చెప్పినంత మాత్రాన కారం చేతుల మంట తగ్గుతుందా? తాగితే ఏమవుతుందో వాళ్ళ ఒంటికి తెలుసు, తాగకపోతే ఏమవుతుందో తెలియదు. వాళ్ళు తెలిసినదానికే భయపడుతున్నారు.

ఇది నేనూ కోటేశ్వరమ్మా కూర్చుని మాట్లాడుకున్నాం, దాదాపు కొట్టుకున్నాం. చివరికి ఒక పద్ధతి పెట్టాం. రోజూ ఒక మనిషి కాయ ముట్టకూడదు. వంతులవారీగా. ఆ రోజు ఆమె చేతులు శుభ్రంగా ఉండాలి. కుండలోంచి చెంబుతో ముంచి, ఒక్కొక్కరి తువ్వాలు కిందికి జరిపి నోట్లో పోయాలి, అడిగినా అడగకపోయినా. లేచి వెళ్ళాల్సిన వాళ్ళ వెంట వెళ్ళి చీర పట్టుకోవాలి, వాళ్ళ చేతులు వాళ్ళకు తగలకుండా. మొదట సిగ్గుపడ్డారు, ముసిముసిగా నవ్వుకున్నారు. మూడో నాటికి ఎవరి వంతని వాళ్ళే వాదించుకున్నారు. తుమ్మచెట్ల ముందు గోనెపట్టాలతో మరుగు మేమే కట్టుకున్నాం. మధ్యాహ్నం పూట పని ఆపాలని కోటేశ్వరమ్మే పట్టుబట్టింది. ఆమె గొంతుకు మేనేజరు కూడా భయపడేవాడు.

అతను ఊరుకోలేదు. ఒక మనిషి ఊరికే కూర్చుంటే ఎట్టా అని వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. మీ కాయలు వేడెక్కకుండా చూడటానికి రాత్రింబగళ్ళు ఒక మనిషిని పెట్టుకున్నారు కదండీ, మేం పగటికి ఒక్కర్ని పెట్టుకున్నాం అన్నాను. చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. అతను ఒప్పుకున్నాడని కాదు. అది సీజను, మేం అందరం పని మాని వెళ్ళిపోతే సరుకు అక్కడే ఉండిపోతుంది, అంతే.

ఆ మే నెలలో ఒక ఉక్క రోజు, పొద్దు ఇంకా బాగా ఎక్కకముందే, కొత్తగా వచ్చిన నాగమ్మ అనే అమ్మాయి ఉన్నట్టుండి గంప పక్కకు నెట్టింది. "అక్కా, నాతో కావట్లేదు. కండ్లు తిరుగుతాండాయి" అంది. అంత మామూలుగా, ఉప్పు లేదన్నట్టు అంది.

ఎవరూ నవ్వలేదు. ఈరమ్మ ఒక్క ఉదుటున లేచి ఆమె చొక్కా విప్పింది. నీళ్ళ వంతు మనిషి చెంబు తెచ్చింది. కోటేశ్వరమ్మ అందర్నీ లేవమని కేక వేసి, ఆ పూటకు పని చాలించింది. నాగమ్మను వేపచెట్టు కింద తడి గోనెపట్టా మీద పడుకోబెట్టి వంతులవారీగా విసిరాం. కాసేపటికి లేచి కూర్చుని, మజ్జిగలో ఉప్పు తక్కువైందని సణిగింది. సాయంత్రం తన వంట తనే చేసుకుంది.

నేను గదికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. మా ఆయన సంతోషంతో ఏడుస్తున్నానని అనుకుని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తోసేశాను. ఆ పిల్ల బతికినందుకు నాకు సంతోషమే. కానీ దానికి కావలసింది ఒక చెంబు, ఒక తడి గోనెపట్టా, లేవండి అనే ఒక కేక. ఇంత సులువైన పని అయ్యుండి నాకెందుకు చెయ్యలేదు? పేరు కూడా తెలియని ఆ ఒరియా కుర్రాడికి ఎందుకు చెయ్యలేదు?